కాబూల్‌లో వేరు కుంపట్ల చదువు

1960లలో కాబూల్ విశ్వవిద్యాలయంలో ఏ కుర్రాడు ఏ కోర్సు వైపు వెళ్తాడన్నది చాలావరకు అతను చదివిన హైస్కూలును బట్టే తెలిసిపోయేది. ఇస్తిక్లాల్ స్కూలు ఫ్రెంచివాళ్ళ అండతో నడిచేది. అక్కడ చదివితే ఫ్రెంచి వచ్చేది, వైద్యమో న్యాయశాస్త్రమో దగ్గరయ్యేది. నెజాత్ స్కూలు జర్మన్లది. అక్కడి పిల్లలు సైన్సు, ఆర్థికశాస్త్రం వైపు నడిచేవాళ్ళు. హబీబియాలో ఇంగ్లీషు. ఇంజనీరింగు, వ్యవసాయం వాళ్ళకు అందుబాటులో ఉండేవి.

దీనికి కారణం విశ్వవిద్యాలయం కట్టుబడిలోనే ఉంది. వైద్య విభాగానికి ఫ్రాన్స్‌లోని ల్యోన్ విశ్వవిద్యాలయం తోడు. న్యాయశాస్త్రానికి పారిస్. సైన్సుకు, ఆర్థికశాస్త్రానికి జర్మనీ నుంచి బాన్, కొలోన్ విశ్వవిద్యాలయాలు. వ్యవసాయానికి, ఇంజనీరింగుకు అమెరికాలోని వయోమింగ్. ఉపాధ్యాయ శిక్షణకు న్యూయార్క్‌లోని కొలంబియా టీచర్స్ కాలేజి. షరియా విభాగానికి కైరో నుంచి అల్ అజ్‌హర్. ఇవన్నీ చాలవన్నట్టు అదే నగరంలో సోవియట్ యూనియన్ కట్టిచ్చిన పాలిటెక్నిక్ ఒకటి. బోర్డు మీద విశ్వవిద్యాలయం ఒకటే. లోపల మాత్రం ఎవరి కుంపటి వాళ్ళదే.

నేను హైదరాబాద్‌లో ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ఉద్యోగం చివరి ఏళ్ళలో నా క్లాసులో అఫ్గాన్ విద్యార్థులు ఉండేవాళ్ళు. వాళ్ళలో కొందరు అప్పటికే తమ ఊళ్ళలో కాలేజీ పాఠాలు చెబుతున్న అధ్యాపకులు. వాళ్ళ దేశంలో చదువు ఎందుకు అన్నిసార్లు మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టవలసి వచ్చిందో తెలుసుకోవాలని నేను ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. యుద్ధం దెబ్బతీసిన దేశాలకు విదేశీ విశ్వవిద్యాలయాలు చేయూతనిచ్చిన కథలు చాలా ఉన్నాయి. కాబూల్‌దంత పొడుగైన కథ, అన్ని దేశాల చేతులు పడిన కథ నాకు తెలిసి ఇంకొకటి లేదు.

మొదట వెళ్ళినవాళ్ళు మన దేశం వాళ్ళే. 1903లో అమీర్ హబీబుల్లా తన పేరు మీద హబీబియా స్కూలు పెట్టినప్పుడు పాఠాలు చెప్పడానికి పంజాబ్ నుంచి ముస్లిం ఉపాధ్యాయులు కాబూల్ వెళ్ళారు. అలీగఢ్ కాలేజీ నమూనా వాళ్ళ కళ్ళ ముందు ఉంది. తర్వాత రాజైన అమానుల్లా 1920లలో ఫ్రెంచి స్కూలు, జర్మన్ స్కూలు తెరిపించాడు. ఒక్క దేశం గుప్పిట్లో పడకూడదన్నది ఆయన ఆలోచన. బ్రిటిష్ ఇండియాకూ రష్యాకూ మధ్య ఇరుక్కున్న రాజ్యానికి అది సహజమైన జాగ్రత్త. ఆ జాగ్రత్తే తర్వాత విశ్వవిద్యాలయానికి రూపమిచ్చింది. 1932లో వైద్య విభాగం మొదలైంది, తొలి రోజుల్లో టర్కీ వైద్యులు నిలబెట్టారు. తర్వాత ఫ్రెంచివాళ్ళు వచ్చారు.

ఆ మరుసటి సంవత్సరం జరిగిన ఒక ప్రయాణం గురించి హైదరాబాద్‌లో చాలామందికి తెలియదు. 1933 అక్టోబరులో రాజు నాదిర్ షా పిలుపు మీద ముగ్గురు పెద్దలు పెషావర్ దాటి కాబూల్ వెళ్ళారు. కొత్త విశ్వవిద్యాలయం గురించీ, దేశంలో చదువుల గురించీ సలహా చెప్పడం వాళ్ళ పని. ఒకరు కవి ఇక్బాల్. ఇంకొకరు పండితుడు సయ్యద్ సులేమాన్ నద్వీ. మూడో ఆయన సర్ రాస్ మసూద్, అప్పటికి అలీగఢ్ వైస్ ఛాన్సలర్, ఆ విద్యాసంస్థకు పునాది వేసిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. అలీగఢ్ వెళ్ళకముందు, 1916 నుంచి 1928 దాకా ఆయన నిజాం రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టి నడక నేర్చిన ఏళ్ళవి.

ఉస్మానియా చేసిన సాహసాన్ని ఇప్పుడు మనం మర్చిపోయాం. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి ఒక ఏడాది ముందే అనువాద విభాగం, దారుల్ తర్జుమా, పని మొదలుపెట్టింది. భౌతికశాస్త్రం, గణితం, చరిత్ర, ఆర్థికశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు, అన్నీ ఉర్దూలో చెప్పాలి. అందుకని ముందు పుస్తకం, ఆ తర్వాత క్లాసు. దేశంలో మిగతా విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లీషులో నడుస్తున్న రోజులవి. తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు ఉర్దూ ఇంటి భాష కాదన్న అన్యాయం అందులో ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. అయినా ఒక భారతీయ భాషలో పైచదువు మొత్తం చెప్పవచ్చునని చేసి చూపించింది ఉస్మానియానే. 1922లో హైదరాబాద్ ప్రభుత్వం మసూద్‌ను జపాన్ పంపింది. తిరిగొచ్చి జపాన్ విద్యావిధానం మీద ఆయన రాసిన నివేదిక మరుసటి ఏడాది అచ్చయింది. జపాన్ పాశ్చాత్య శాస్త్రాలను తన భాషలోకి తెచ్చుకుని తన పిల్లలకు చెప్పుకుంది, బలం అక్కడుంది అన్నది ఆ నివేదికలో ఆయన గట్టిగా పట్టుకున్న విషయం.

కాబూల్ వెళ్ళిన ఆ ముగ్గురిలో ఇలాంటి పని చేతులతో చేసిన మనిషి ఆయన ఒక్కడే. వాళ్ళు గజనీ, కాందహార్ మీదుగా తిరిగొచ్చారు. ఇక్బాల్ ‘ముసాఫిర్’ ఆ ప్రయాణంలోంచి పుట్టిందే. వాళ్ళు ఇల్లు చేరిన కొద్ది రోజులకే, నవంబరు 8న, నాదిర్ షా హత్యకు గురయ్యాడు. విద్యార్థులతో జరిగిన సభలో ఆయన్ని కాల్చింది నెజాత్ స్కూలు కుర్రాడు. పందొమ్మిదేళ్ళ జాహిర్ షా గద్దెనెక్కాడు. పిలిచిన రాజే పోయాక ఆ సలహాలను నెత్తికెత్తుకునేవాళ్ళు లేకపోయారు. నేను ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కినప్పుడల్లా ఈ సంగతి తలుచుకుని బాధపడ్డదాన్ని. ముందు పుస్తకం, తర్వాత క్లాసు అన్న పద్ధతి అప్పుడే కాబూల్‌లో వేళ్ళూనుకుని ఉంటే ఎంత బాగుండేది!

జరిగింది వేరు. 1938లో న్యాయశాస్త్రం, 1942లో సైన్సు, 1944లో సాహిత్యం, ఇలా ఒక్కొక్క విభాగం విడివిడిగా పుట్టింది. 1940ల మధ్యలో అన్నిటినీ కలిపి విశ్వవిద్యాలయమన్నారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రచ్ఛన్నయుద్ధం మొదలైంది. అమెరికా, సోవియట్ యూనియన్ పోటీపడి సాయం చేశాయి. అఫ్గాన్ ప్రభుత్వం ఇద్దరినీ కాదనలేదు. వయోమింగ్ నుంచి వచ్చినవాళ్ళు రెండు దశాబ్దాలకు దగ్గరగా పనిచేశారు. కొలంబియా బృందం 1954 నుంచి 1978 దాకా ఉంది. 1964లో అలీయాబాద్‌లో అమెరికా డబ్బుతో కొత్త క్యాంపస్ లేచింది, చెల్లాచెదురుగా ఉన్న విభాగాలు ఒక్కచోటికి వచ్చాయి. ఆడపిల్లలు, మగపిల్లలు ఒకే క్లాసులో కూర్చున్నారు. ఇండియానా విశ్వవిద్యాలయం వాళ్ళు పరిపాలన పద్ధతులు చక్కదిద్దడానికి వచ్చారు.

అప్పటి అధ్యాపకుల కష్టాన్ని చిన్నచూపు చూడలేం. వచ్చిన విదేశీయుల్లో చాలామంది మనసు పెట్టి చెప్పారు. వందల మంది అఫ్గాన్ యువకులు ల్యోన్, బాన్, వయోమింగ్, న్యూయార్క్ వెళ్ళి చదువుకుని తిరిగొచ్చారు. కాబూల్‌లో శస్త్రచికిత్స చేయగల వైద్యులు, నేల పరీక్షించగల శాస్త్రజ్ఞులు తయారయ్యారు. కాని పద్ధతిలో ఒక లోపం మొదటి నుంచీ ఉండిపోయింది. చాలా క్లాసుల్లో విదేశీ ప్రొఫెసరు తన భాషలో చెబుతుంటే పక్కన ఒక అఫ్గాన్ సహాయకుడు నిలబడి, అక్కడి పర్షియన్ అయిన దరీలోకి తర్జుమా చేసేవాడు. పిల్లలు ఆ తర్జుమాను నోట్సు రాసుకునేవాళ్ళు. ప్రొఫెసరు గడువు తీరి వెళ్ళిపోయేవాడు. ఆ నోట్సు మిగిలేది. పాఠశాల పుస్తకాల మీద కొలంబియావాళ్ళు దరీలో, పష్తోలో శ్రద్ధగా పనిచేశారు గాని, విశ్వవిద్యాలయ స్థాయిలో పిల్లల భాషలో పాఠ్యపుస్తకాలు రాయించాలన్న ఆత్రం ఏ అతిథికీ పెద్దగా లేదు. తమ భాష నేర్చుకున్న విద్యార్థి తమ దేశానికి రేపటి మిత్రుడు అన్న లెక్క ప్రతి దేశానికీ ఉంది. ఆర్థికశాస్త్రం చదివినదాన్ని కనుక నాకిది స్పష్టంగా కనిపిస్తుంది: సాయం ఇచ్చేవాడి ప్రయోజనం ఏ గదిలో ఎంతుందో, పెట్టుబడి ఆ గదిలోకి అంత వెళ్ళింది.

ఆ వేరు వేరు గదుల నుంచి బయటికి వచ్చిన పేర్లు చూడండి. హఫీజుల్లా అమీన్ కొలంబియా టీచర్స్ కాలేజీలో చదివాడు. తిరిగొచ్చి కమ్యూనిస్టు నాయకుడై 1979లో కొన్ని నెలలు దేశాన్ని ఏలాడు. బుర్హానుద్దీన్ రబ్బానీ అల్ అజ్‌హర్‌లో చదివి షరియా విభాగంలో పాఠాలు చెప్పాడు. గుల్బుద్దీన్ హెక్మత్యార్ ఇంజనీరింగు విభాగంలో చేరాడు, పూర్తి చేయకపోయినా ‘ఇంజనీరు హెక్మత్యార్’ అన్న పిలుపు ఉండిపోయింది. అహ్మద్ షా మసూద్ ఫ్రెంచి స్కూల్లో చదివి సోవియట్ పాలిటెక్నిక్‌లో చేరాడు. కమ్యూనిస్టుల చివరి అధ్యక్షుడు నజీబుల్లా వైద్య విభాగం పట్టభద్రుడు. సోవియట్ సైన్యంతో పోరాడిన ముజాహిదీన్ 1992లో కాబూల్ పట్టుకున్నాక రబ్బానీ అధ్యక్షుడు, మసూద్ రక్షణమంత్రి. హెక్మత్యార్ వాళ్ళ కాబూల్ మీద రాకెట్లు కురిపించాడు. ఒకే నగరంలో చదువుకున్నవాళ్ళు!

యుద్ధానికి విదేశీ ప్రొఫెసర్లే కారణమని అనడం అన్యాయం. పేదరికం, రాచరికం, పొరుగుదేశాల ఎత్తుగడలు, సోవియట్ దండయాత్ర, ఇవి అసలు కారణాలు. 1965 అక్టోబరు 25న విద్యార్థుల ఊరేగింపు మీద సైన్యం కాల్పులు జరిపి ముగ్గురు చనిపోయినప్పుడే క్యాంపస్ మనసు విరిగింది. ఆ తర్వాత అక్కడ పాఠాలకంటే సమ్మెలు ఎక్కువ. అయితే ఒక విభాగంలో పిల్లవాడు పక్క విభాగంలో పిల్లవాడితో కలిసి చదవడానికి ఒక ఉమ్మడి పుస్తకం గాని, ఉమ్మడి గురువు గాని లేని చోట మనుషులను కలిపే పని పూర్తిగా పార్టీల చేతికి పోయింది. ఈ ఒక్క విషయంలో ఆనాటి భాగస్వామ్యాలను నేను తప్పుపడతాను.

1978 ఏప్రిల్‌లో కమ్యూనిస్టుల తిరుగుబాటు, మరుసటి ఏడాది చివర్లో సోవియట్ సైన్యం రాక. అధ్యాపకులు జైళ్ళ పాలయ్యారు, హతమయ్యారు, చేతికి దొరికిన దారిన దేశం దాటారు. మిగిలిన క్లాసుల్లోకి సోవియట్ సలహాదారులు వచ్చారు, వేల మంది విద్యార్థులు సోవియట్ యూనియన్‌కు చదువుకోడానికి వెళ్ళారు.

సరిహద్దు ఇవతల పెషావర్‌లో జరిగింది నాకు ఇంకా కష్టం కలిగిస్తుంది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఒమాహా క్యాంపస్‌లో 1972లో అఫ్గాన్ అధ్యయన కేంద్రం పెట్టారు. మొదట కాబూల్ విశ్వవిద్యాలయంతో మంచి స్నేహం నడిపింది. 1980లలో అదే కేంద్రం అమెరికా ప్రభుత్వం డబ్బుతో శరణార్థి పిల్లలకు, ముజాహిదీన్ ప్రాంతాల బడులకు పాఠ్యపుస్తకాలు తయారుచేయించింది. దరీలో, పష్తోలో, చక్కగా అచ్చయిన పుస్తకాలు. పిల్లలు లెక్కలు నేర్చుకునేది తూటాలతో, కలాష్నికోవ్‌లతో. అక్షరాలు నేర్చుకునేది జిహాద్ మాటలతో. ఇదీ ఒక విశ్వవిద్యాలయం చేసిన పనే. ఆ పుస్తకాలు తర్వాత చాలా ఏళ్ళు బడుల్లో తిరిగాయి. 2002లో బడులు మళ్ళీ తెరిచినప్పుడు ఆ బొమ్మలు, ఆ వాక్యాలు తీసేసి కొత్తగా అచ్చువేయవలసి వచ్చింది. పిల్లల భాషలో పుస్తకం ఉంటే చాలదని, ఎవరి ప్రయోజనం కోసం రాశారో కూడా చూడాలని నేను ఈ ఉదాహరణ నుంచే నేర్చుకున్నాను.

1992 తర్వాతి అంతర్యుద్ధంలో కాబూల్ పడమటి భాగం ముఠాల మధ్య యుద్ధరంగమైంది. క్యాంపస్ అక్కడే ఉంది. లైబ్రరీ దోపిడీ అయింది, ల్యాబులు పోయాయి, చెట్ల మధ్య మందుపాతరలు పెట్టారు. 1996లో తాలిబాన్ వచ్చాక ఆడపిల్లలు పూర్తిగా బయటికి పోయారు. తాలిబాన్ పాలన పోయాక, 2002 తొలి నెలల్లో ప్రవేశపరీక్ష పెట్టి తలుపులు మళ్ళీ తెరిచేసరికి గోడలు మిగిలాయి, గురువుల్లో ఒక తరం మాయమైంది. దేశం మొత్తంలో విశ్వవిద్యాలయ అధ్యాపకుల్లో సగానికి పైగా డిగ్రీ మించి చదవనివాళ్ళే.

అక్కడి పరిస్థితి నాకు కళ్ళకు కట్టింది నివేదికల వల్ల కాదు, ఒక జిరాక్సు కట్ట వల్ల. జలాలాబాద్‌లో ఆర్థికశాస్త్రం చెప్పే ఒక యువ అధ్యాపకుడు స్కాలర్‌షిప్పు మీద ఎం.ఏ. చేయడానికి మా దగ్గరికి వచ్చాడు. పెషావర్ శరణార్థి శిబిరంలో పెరిగినవాడు కాబట్టి ఉర్దూ ధారాళం. నన్ను ‘ఉస్తాద్’ అనేవాడు, వాళ్ళు మగవాళ్ళనైనా ఆడవాళ్ళనైనా గురువును అలాగే పిలుస్తారు. ఒకరోజు అక్కడ మీరేం చెబుతారో చూపించమన్నాను. సంచిలోంచి ఒక కట్ట తీశాడు. వాళ్ళు దాన్ని ‘చాప్టర్’ అంటారు. ఉస్తాద్ ఎప్పుడో రాసిన నోట్సును విద్యార్థులు జిరాక్సు తీయించుకుంటారు. పరీక్ష దానిలోంచే వస్తుంది. ఏటా కొత్త బ్యాచి దానికే మళ్ళీ జిరాక్సు తీయిస్తుంది. ఇతను విద్యార్థిగా ఉన్నప్పుడు చదివింది ఆ కట్టే, అధ్యాపకుడయ్యాక చెప్పిందీ ఆ కట్టే.

కాగితాలు అటూ ఇటూ తిప్పి చూశాను. చేతిరాత కుడి నుంచి ఎడమకు, గిరాకీ సరఫరా గ్రాఫు మాత్రం మన పుస్తకాల్లో లాగా ఎడమ మూల నుంచి మొదలవుతుంది. కాపీ మీద కాపీ పడి గిరాకీ గీత చెరిగిపోయింది, దాని చివర బాణం గుర్తు మాత్రం ఉంది. విద్యార్థులు ఆ బాణం ఏమిటని అడిగితే ఏం చెబుతావన్నాను. ‘బోర్డు మీద గీత నేనే గీస్తాను ఉస్తాద్, కాని అది ఎందుకు కిందికి వాలుతుందో ఇక్కడికి వచ్చాకే తెలిసింది’ అన్నాడు. ఉదాహరణల్లో పంచవర్ష ప్రణాళికలు, ప్రభుత్వ కర్మాగారాల ఉత్పత్తి లక్ష్యాలు. సోవియట్ రోజుల పాఠం, తాలిబాన్ రోజులు దాటి, ప్రపంచబ్యాంకు రోజుల్లో కూడా అలాగే నడిచింది.

అతను ఆ రెండేళ్ళూ చేసిన పని చూసి నాకు అతని మీద అపారమైన గౌరవం కలిగింది. మా సిలబస్‌లోని ఇంగ్లీషు పుస్తకం, ఇరాన్‌లో అచ్చయిన పర్షియన్ అనువాదం, తన పాత చాప్టర్, మూడూ పక్కపక్కన పెట్టుకుని పష్తోలో కొత్త నోట్సు రాసుకున్నాడు. గోధుమపిండి ధర, పెషావర్ నుంచి వచ్చే బియ్యం, తోర్ఖామ్ సరిహద్దు మూసినప్పుడు టమాటా రేటు, ఇవీ అతని ఉదాహరణలు. ట్యుటోరియల్ క్లాసు ఎలా నడపాలి, ప్రశ్నపత్రం ఎలా కూర్చాలి, ఫెయిలైన విద్యార్థి పేపరు అతనితో కూర్చుని ఎలా చూడాలి, ఇలాంటివే ఎక్కువ అడిగేవాడు. ఏ ఒప్పందపత్రంలోనూ ఇవి ఉండవు. వెళ్ళేటప్పుడు పట్టాకంటే ఆ నోట్సునే జాగ్రత్తగా పెట్టెలో పెట్టుకున్నాడు.

2001 తర్వాత వచ్చిన భాగస్వామ్యాల్లో నాకు నచ్చినవి ఈ అవసరం తెలిసి పనిచేసినవే. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయం అఫ్గాన్ విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ కేంద్రాలు పెట్టి, వాటిని నడపవలసిన అధ్యాపకులనే బెర్లిన్ రప్పించి మాస్టర్స్ చేయించి వెనక్కి పంపింది. బోఖుం విశ్వవిద్యాలయం ఆర్థికశాస్త్ర అధ్యాపకులను మళ్ళీ చదివించింది, కాబూల్ సిలబస్‌ను కొత్తగా రాయడంలో చేయి కలిపింది. 1960లలో కాబూల్ వచ్చిన జర్మన్లే తిరిగొచ్చారు గాని ఈసారి పని తీరు మారింది. ప్రపంచబ్యాంకు పథకం కింద అమెరికా విశ్వవిద్యాలయాలు కూడా వచ్చాయి, కాబూల్ ఇంజనీరింగు విభాగంతో కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం జత కట్టింది.

అన్నిటికంటే నా మనసుకు దగ్గరైంది యహ్యా వర్దక్ చేసిన పని. జర్మనీలో స్థిరపడిన అఫ్గాన్ వైద్యుడాయన. వైద్య విద్యార్థులు చాప్టర్ల మీద బతుకుతున్నారని చూసి, అఫ్గాన్ ప్రొఫెసర్ల చేతనే దరీలో, పష్తోలో పాఠ్యపుస్తకాలు రాయించి, జర్మన్ విద్యా వినిమయ సంస్థ వంటివాళ్ళ డబ్బుతో అచ్చువేయించి, విద్యార్థులకూ లైబ్రరీలకూ ఉచితంగా పంచాడు. వైద్యంతో మొదలై ఇంజనీరింగు, సైన్సు, వ్యవసాయం దాకా వెళ్ళింది. వందల పుస్తకాలు. రాసినవాళ్ళు అక్కడే పాఠం చెబుతున్నవాళ్ళు, కాబట్టి వాళ్ళ పేరు వాళ్ళ పుస్తకం మీద ఉంది. రాస్ మసూద్ కాబూల్ వెళ్ళొచ్చిన మూడు పాతికేళ్ళ తర్వాత, ముందు పుస్తకం అన్న పద్ధతి అఫ్గానిస్తాన్ చేరింది.

నాన్సీ డుప్రీ గురించి కూడా చెప్పాలి. అమెరికా నుంచి వచ్చి అఫ్గాన్ చరిత్రకు జీవితం ఇచ్చిన మనిషి. యుద్ధకాలంలో పెషావర్‌లో కరపత్రాలు, నివేదికలు, పత్రికలు, అన్ని ముఠాల కాగితాలూ పోగుచేసింది. ఆ సేకరణను కాబూల్ విశ్వవిద్యాలయానికి తరలించింది, 2013లో దానికొక భవనం వచ్చింది. అరిజోనా విశ్వవిద్యాలయం లైబ్రరీవాళ్ళు వేల పత్రాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టడంలో తోడ్పడ్డారు. 2017లో ఆమె కాబూల్‌లోనే కన్నుమూసింది. ఈ రోజు ఎవరు గద్దె మీదున్నా ఆ కాగితాలు మాత్రం ఎవరైనా చదువుకోవచ్చు.

చదువు చెప్పే చోట్లకూ రక్షణ దొరకలేదు. 2016 ఆగస్టులో కాబూల్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగి పదిమందికి పైగా చనిపోయారు. అదే నెలలో అక్కడి ఇద్దరు విదేశీ అధ్యాపకులను ఎత్తుకుపోయి మూడేళ్ళకు పైగా బందీలుగా ఉంచారు. 2020 నవంబరు 2న సాయుధులు కాబూల్ విశ్వవిద్యాలయం క్లాసుల్లోకి చొరబడి ఇరవై మందికి పైగా ప్రాణాలు తీశారు. ఆ సాయంత్రం మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక్కొక్కరే ‘నేను ఉన్నాను’ అని పెట్టడం నేను చదువుతూ కూర్చున్నాను.

మన దేశం చేసింది తక్కువేం కాదు. ఏటా 1,000 స్కాలర్‌షిప్పుల దాకా అఫ్గాన్ విద్యార్థులకు ఇచ్చింది. 2014లో కాందహార్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం తెరవడానికి తోడ్పడింది, దాని విద్యార్థులు ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో పీజీ చేశారు. హైదరాబాద్‌లో, విశాఖలో అఫ్గాన్ విద్యార్థులు లేని ఏడాది ఉండేది కాదు. ఇక్కడ వాళ్ళకు వేరే గది లేదు. మన పిల్లల పక్కన, అదే బెంచీ మీద, అదే పరీక్ష. నిజామాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి, గజనీ నుంచి వచ్చిన అబ్బాయి ఒకే ప్రాజెక్టు రిపోర్టు మీద తగువులాడుకున్నారు. చదువులో ఇంతకంటే మంచి సహకారం నేనెక్కడా చూడలేదు.

2021 ఆగస్టు 15న కాబూల్ మళ్ళీ తాలిబాన్ చేతికి వెళ్ళింది. పది రోజుల తర్వాత, మన దేశం బయట ఉన్న అఫ్గాన్ల చేతిలోని భారత వీసాలు చెల్లవని మన ప్రభుత్వం ప్రకటించింది. కోవిడ్ సెలవులకు ఇంటికి వెళ్ళిన విద్యార్థులు సెమిస్టరు మధ్యలో అక్కడే చిక్కుకుపోయారు. 2022 డిసెంబరు 20న తాలిబాన్ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాలు మూసేశారు. పనిలోకి రానివ్వని మహిళా ఉద్యోగుల జీతాన్ని 2024లో నెలకు 5,000 అఫ్గానీలకు కుదించారు.

మా దగ్గర ఎం.ఏ. చేసి వెళ్ళి కాబూల్‌లో పాఠాలు చెప్పిన ఒకామె ఇప్పుడు ఇంట్లోనే ఉంది. ద్రవ్యశాస్త్రం మీద దరీలో పుస్తకం రాస్తోంది. అధ్యాయం అయినప్పుడల్లా ఫోన్లో ఫొటోలు తీసి పంపుతుంది. దరీ నాకు పూర్తిగా రాదు, లెక్కలూ గ్రాఫులూ చూసి, మిగతాది ఆమె ఉర్దూలో చదివి వినిపిస్తే సరిచూస్తాను. కాబూల్ బ్యాంకుల్లో నగదు విత్‌డ్రాయల్ మీద పరిమితి పెట్టినప్పుడు బజారులో ఏం జరిగిందో ఆమె రాసిన భాగం మన దగ్గరి పుస్తకాల్లో ఎక్కడా దొరకదు. ఆమె అడిగేది ఒక్కటే: జర్నల్స్ చదువుకోడానికి లైబ్రరీ లాగిన్. చదువు పూర్తయిన మరునాడే పాత విద్యార్థుల లాగిన్ ఆగిపోతుంది, అది మామూలు నియమం. అఫ్గానిస్తాన్‌కు తిరిగి వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పిన పూర్వ విద్యార్థులకు ఆ నియమం నుంచి మినహాయింపు ఇవ్వాలని, వాళ్ళలో పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్ళు దూరం నుంచే గైడుతో పనిచేసే వీలు కల్పించాలని నేను, ఇంకొందరు రిటైరైన సహోద్యోగులు కలిసి ఒక వినతిపత్రం రాశాం. సంతకాలు సేకరిస్తున్నాం. అఫ్గాన్ విద్యార్థులకు ఒక్క సెమిస్టరైనా పాఠం చెప్పినవాళ్ళు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎంతోమంది ఉన్నారు. వాళ్ళందరూ తమ తమ విశ్వవిద్యాలయాల్లో ఇదే అడగాలని నా కోరిక.